మునిగేంత వాన

పోయిన నెలలో చెన్ని మనవరాలు లావణ్య రెండు రోజులు ఉండి పోదామని మా ఇంటికి వచ్చింది. చెన్ని అంటే మా చిన్నాయన కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్నది, ఇప్పుడు గిద్దలూరులో కూతురి దగ్గర ఉంటుంది. లావణ్యది నాకు కొత్తగా తోచే ఉద్యోగం. సముద్రం ఒడ్డు ఊళ్ళలో తుఫాను కొట్టిపోయాక, ఇళ్ళు పోయి బడిలో తలదాచుకున్న పిల్లల దగ్గర కూర్చుని వాళ్ళతో మాట్లాడాలి, బొమ్మలు వేయించాలి, ఎవరు నిద్రపోవడం లేదో ఎవరు అన్నం ముట్టడం లేదో చూసుకోవాలి. దానికి ఒక చదువు ఉందట, జీతం ఉందట. పిల్లల భయాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెట్టే రోజులు వచ్చాయి కదా, నా బిడ్డే ఆ పని చేస్తోంది కదా అని మనసులోనే చెన్నకేశవుడికి దండం పెట్టుకున్నాను.

నేను చేటలో కందిపప్పు చెరుగుతూ ఉంటే అది చాప మీద ఆ పిల్లలు వేసిన బొమ్మలు పరిచింది. కొబ్బరిచెట్లు పడిపోయినవి, పడవలు ఇళ్ళ మీదికి ఎక్కినవి. వాటిలో ఒక బొమ్మలో ఒక ఆడపిల్ల బోరింగు కొడుతోంది. బోరింగు మూతి నుంచి వచ్చిన నీళ్ళే కాగితమంతా నిండి, కింద ఇళ్ళు మునిగి ఉన్నాయి.

"ఈ పిల్లకు ఏడేండ్లు అవ్వా. ముందురోజు బిందె నిండినాక కూడా ఆటకు కొడతానే ఉండిందంట. నేను ఎక్కువ కొట్టినా, అందుకే అన్ని నీళ్ళు వచ్చినాయి అంటాది. నీ తప్పు కాదమ్మా అని రోజూ చెప్తా ఉండా. తల ఊపుతాది. మళ్ళా ఇదే బొమ్మ వేస్తాది."

నా చేతిలో చేట ఆగిపోయింది. "మీ అవ్వ నీకు కప్పతల్లి సంగతి ఎప్పుడైనా చెప్పిందా?" అని అడిగాను. లేదంది. అరవై ఏళ్ళకు పైగా అయినా చెన్ని సొంత మనవరాలికి కూడా చెప్పలేదన్నమాట. అప్పటికప్పుడు గిద్దలూరికి ఫోను చేయించాను. "మేయ్, ఆ సంగతి దీనికి చెప్పేదా?" అన్నాను. అటు నుంచి కాసేపు దగ్గు వినపడింది. "చెప్పుకో అక్కా. ఇప్పుడు కొత్తగా మునిగేటోళ్ళు ఎవరుండారు" అంది. ఆ రోజు లావణ్యకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కొత్తది. మాకు జిల్లా ఊరూ కర్నూలే, రాజధానీ కర్నూలే. బేస్తవారిపేటకు మూడు కోసుల దూరంలో, వాగు పక్కన మా పల్లె. మాకు గొర్రెలు ఉండేవి, కాస్త జొన్న చేను ఉండేది. నాయన, చిన్నాయన ఒకే మిద్దెలో ఉండేవాళ్ళు. ఇల్లంతా గొర్రెబొచ్చు వాసన, పొయ్యి మీద జొన్నసంగటి ఆవిరి వాసన, జేజి పెట్టే ఆముదపు దీపం వాసన. జేజి అంటే మా నాయన తల్లి. పొద్దున కాలు కింద పెట్టే ముందు నేలను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. చేతిలో కదురు లేకుండా ఆమెను చూసిన గుర్తు లేదు. కంబళ్ళకు ఉన్ని వడుకుతూనే కోడళ్ళను తిట్టేది, వడుకుతూనే మందులు చెప్పేది. నేను బడి ముఖం చూడలేదు. భజనలో నేర్చిన నాలుగు అక్షరం ముక్కలు నాయన నాకు మూల విరిగిన పలక మీద దిద్దించాడు. ఆ చదువుకే నాకు పొగరు ఉండేది. పాటకు పాట, మాటకు మాట కట్టేదాన్ని. నేను కట్టింది చెన్ని పాడేది. దాని గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినపడేది.

వానలు రాని ఏడు మా వైపు పిల్లలు కప్పతల్లిని మోసేవాళ్ళు. ఒక కప్పను వేపమండలతో రోకలి నడుమ కట్టి, ఇద్దరు పిల్లలు చెరొక కొన భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వాన కోసం పాడాలి. ఇంటి ఆడవాళ్ళు కప్ప మీదా పిల్లల మీదా చెంబులతో నీళ్ళు పోస్తారు, చేటలో జొన్నలు వేస్తారు. ఆ ఏడు రోకలికి ఒక కొన నాది, ఒక కొన చెన్నిది. పాత పాట పాడి పాడి విసుగుపుట్టి నేను ఒక ముక్క కొత్తగా కట్టి దాని చెవిలో వేశాను. "చాలదు తల్లీ చాలదు, ఊరు మునిగేంత కురవాల" అని. చెన్ని దాన్ని ఎత్తుకుంది. ఆడవాళ్ళు నవ్వి నవ్వి మామూలుగా పోసేదానికి రెండింతలు పోశారు. మా చిన్నమ్మ, అంటే చెన్ని తల్లి, కడవ ఎత్తి మా ఇద్దరి నెత్తిన కుమ్మరించింది. "ఊరు మునిగితే నీకు సంగటి ఎవరు గెలుకుతారే" అని కూతురి బుగ్గ గిల్లింది.

నాలుగో రోజు వాన పట్టుకుంది. రెండు రోజులు పడింది. మూడోనాటి పొద్దున పైన ఉన్న చెరువులు ఒకదాని వెనుక ఒకటి తెగాయి. పై చెరువు నీళ్ళు కింది చెరువును తెంపాయి, ఆ రెంటి నీళ్ళూ కలిసి వాగులోకి దూకాయి. కింది వీధి అంతా పోయింది. మాకు దిగువనున్న రెండు పల్లెల్లో గుడి గోడ తప్ప ఏదీ మిగల్లేదని తరువాత విన్నాము. మా మిద్దె ఎత్తు మీద ఉంది కాబట్టి మేము బతికాము. చిన్నమ్మ మటుకు దొడ్డిలో గంపల కింద మూసిపెట్టిన గొర్రెపిల్లలను వదిలిపెడదామని దిగిపోయింది. మిద్దె మీద నుంచి మేము చూస్తూనే ఉన్నాము. ఆమె ఒక గంప ఎత్తింది. రెండోది ఎత్తడానికి వంగింది. అంతే.

సర్కారు దొరలు జీపులో వచ్చారు. కంబళ్ళు ఇచ్చారు, జొన్నలు ఇచ్చారు, సూదులు వేశారు. వాళ్ళ పుణ్యాన ఊళ్ళో కలరా రాలేదు, ఆ మేలు మరిచిపోకూడదు. పోయిన ఇళ్ళు రాసుకున్నారు, పోయిన గొడ్లు రాసుకున్నారు. పిల్లలను అడగాలని ఎవరికీ తోచలేదు. మా జేజికే తోచలేదు, పరాయివాళ్ళను అనడం ఎందుకు. చిన్న పిల్లలు మన్నుతో కట్ట కట్టి, గొర్రె పెంటికలను గొర్రెలుగా పేర్చి, నీళ్ళు వదిలి కొట్టుకుపోయే ఆట ఆడేవాళ్ళు. అపశకునమని పెద్దవాళ్ళు వీపులు పగలగొట్టేవాళ్ళు. వాళ్ళు దెబ్బలు తిని, ఇంటి వెనక్కి పోయి మళ్ళీ అదే ఆడేవాళ్ళు. కింది వీధి పోలమ్మ అనే పిల్ల రొట్టె దొరికితే సగం పక్క కింద దాచేది, బూజు పట్టినా పారేయనిచ్చేది కాదు. ముసలిదై పోయేదాకా ఆమె అట్లాగే దాచిందని చెబుతారు. ఎనిమిదేళ్ళు వచ్చినవాళ్ళు మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టారు.

చెన్ని నీళ్ళు మానుకుంది. కడవ ముట్టదు, స్నానానికి రాదు. జేజి తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే పళ్ళు బిగబట్టి నిలబడేది. ఎవరూ లేనప్పుడు నోరు తడుపుకునేదేమో, చూసేవాళ్ళ ముందు గుక్కెడు తాగేది కాదు. పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి. ఒంటి మీద ఎముకలు లెక్కబెట్టేట్టు తయారైంది. పాట ఊసే లేదు. పొద్దున లేస్తూనే నన్ను ఒకే మాట అడిగేది, "అక్కా, మబ్బు పట్టిందా?" అని. తల్లి పోయిన బిడ్డ, నాలుగు నెలలు పోతే సర్దుకుంటుందిలే అన్నారు పెద్దలు. అది తల్లి కోసం ఒక్కటే కాదని నాకు తెలుసు. ఆ మాట దాని నోటి నుంచి వచ్చింది, ఊరు మునిగింది. కట్టింది నేను. నేను చెప్పలేదు. అదీ చెప్పలేదు. నన్ను తిట్టలేదు, నీ వల్లే అనలేదు. అట్లా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మరుసటి ఏడు వాన చుక్క లేదు. మా వైపు అంతే, వస్తే అట్లా, రాకపోతే ఇట్లా. వాగు ఇసుకలో చెలమలు తవ్వి, కొబ్బరిచిప్పతో తోడి కడవ నింపడానికి పూట పట్టేది. చిన్నాయన గొర్రెలను నల్లమల అంచుకు తోలుకుపోయాడు. ఒకనాడు వీధిలోని ఆడవాళ్ళు మా పంచలో చేరి కప్పతల్లిని తిప్పుదామన్నారు. ఎవరితో మోయించేది అని మాట వచ్చింది. జొన్నలు చెరుగుతున్న మా అమ్మ తల ఎత్తలేదు. ఎదురింటి రంగమ్మ పెద్దమ్మ అంది:

"ఆ పిల్లోళ్ళతోనే మోయించండి. పోయినేడు వాళ్ళు పాడితేనే కదా వాన వచ్చింది. ఎట్లైనా వాన తెచ్చిన చేతులు."

ఆమె మంచిది. మెచ్చుకోవాలనే అంది. గడప లోపల చెన్ని నిలబడి ఉందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. నేను తిరిగి చూసేసరికి దాని ముఖంలో నెత్తురు లేదు. ఏడాదిగా లోపల దాచుకున్న మాటను ఊరు నలుగురిలో ఒప్పుకున్నట్టు అయింది.

మరునాడు మధ్యాహ్నం అందరూ చెలమల దగ్గర ఉండగా చెన్ని అదే రోకలి తీసుకుని మా ఇంట్లో ఉన్న నీళ్ళ కడవలన్నీ పగలగొట్టింది. తరువాత రంగమ్మ పెద్దమ్మ ఇంట్లో మూడు. ఇంకో ఇంట్లో చొరబడుతుంటే పట్టుకున్నారు. నీళ్ళు లేకపోతే కప్ప మీద పోసేది లేదు, పాట లేదు, వాన లేదు. దాని లెక్క నాకు అర్థమైంది. ఊరికి అర్థం కాలేదు. కరువు నాడు నీళ్ళ కడవ పగలగొట్టడమంటే మనిషిని కొట్టినదానితో సమానం. రంగమ్మ పెద్దమ్మ పెంకుల మధ్య కూర్చుని ఏడ్చింది.

"దీనికి గాలి సోకింది. కొండ కింద మంత్రగాడు ఉండాడు, వేపమండలతో కొట్టి దించుతాడు. ఎల్లుండి బండి కట్టండి" అన్నాడు ఒక పెద్దాయన. ఆ మంత్రగాడి దగ్గరికి పోయివచ్చిన ఒక ఆమె వీపు నేను చూసి ఉన్నాను. చెన్ని ఒంట్లో ఆ దెబ్బలు ఓర్చేంత కండ లేదు. "ఎందుకు పగలగొట్టినావే, చెప్పు" అని నాయన అడిగితే నా వైపు ఒకసారి చూసి నేల చూపులు చూసింది. అప్పుడు కూడా నా పేరు చెప్పలేదు.

ఆ సాయంత్రం జేజి పంచలో ఉన్ని వడుకుతూ ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. కదురు తిరుగుతోంది. నేను చెప్పేశాను. మాట కట్టింది నేను, చెన్ని చెవిలో వేసింది నేను, చిన్నమ్మ పోయింది అందుకే, చెన్ని నీళ్ళు మానింది అందుకే. చెబుతున్నంతసేపు ఆమె ఆపలేదు. చివరికి కదురు నేల మీద పెట్టింది.

"ఏమని కట్టినావు? సరిగ్గా చెప్పు."

చెప్పాను.

"ఇన్ని నెలలు ఎట్ల మింగుకోని తిరిగినారే ఇద్దరూ" అంది. కొట్టలేదు. "దానికి నీ తప్పు కాదని చెప్పు జేజీ" అన్నాను ఏడుస్తూ. "చెప్తే నమ్మతాదా? వాళ్ళు పాడితేనే వచ్చిందని ఊరే చెప్పె కదా" అంది. చాలాసేపు ఉన్ని పోగును వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. "రేపు కప్పతల్లిని నేను మోస్తా" అంది.

ఊరంతా నవ్వింది, ముసలిదానికి పిల్లచేష్టలు ఏందని. జేజి వినలేదు. తన ఈడు ముసలామెను ఒకరిని రెండో కొనకు పట్టుకుంది, అదే రోకలికి కప్పను కట్టించింది. మంత్రగాడి దగ్గరికి బండి కట్టడం కప్పతల్లి గడువు తీరాకే అని నాయనతో ఒట్టు వేయించుకుంది. గడువంటే తొమ్మిది రోజులు, తల్లి కరుణిస్తే ఆ లోపల వాన వస్తుందని నమ్మకం. బయలుదేరే ముందు నన్ను పక్కకు పిలిచి ఆ ముక్క మళ్ళీ చెప్పించుకుంది. "జేజీ, నిజంగానే వాన వస్తే?" అన్నాను.

"వస్తే ఊరు బతుకుతాది. పాట నాది, వాన నాది. ఏమన్నా అయితే నా నెత్తిన పడతాది, దాని నెత్తిన పడదు."

"రాకపోతే?"

"రాకపోతే అది బతుకుతాది."

మొదటి ఇల్లు రంగమ్మ పెద్దమ్మదే. జేజి వణికే గొంతుతో పాత పాట పాడి, చివర "ఊరు మునిగేంత కురవాల" అని గట్టిగా ఎత్తుకుంది. చెంబు ఎత్తిన రంగమ్మ పెద్దమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏందత్తా ఆ మాట. మునిగింది చాల్లేదా."

"పోయినేడు పిల్లోళ్ళు అన్నప్పుడు నవ్వి రెండు చెంబులు ఎక్కువ పోసినావు కదమ్మా. నేనూ పోసినా. మనమంతా పోసినాము. ఇప్పుడూ పొయ్యి."

రంగమ్మ పెద్దమ్మకు అప్పుడు అర్థమైంది. మా మిద్దె వైపు చూసింది, అక్కడ గడపలో చెన్ని నిలబడి ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుని చెంబు వంచింది, మళ్ళీ ముంచి ఇంకోటి పోసింది. ఆ రోజు ప్రతి ఇంటి ముందూ జేజి ఆ మాట అంది, ప్రతి ఇంటి ఆడదీ పోసింది. మా ఇంటి ముందు అమ్మ పోసింది. చెన్ని కదలలేదు, కళ్ళార్పకుండా జేజి నోటినే చూసింది.

ఆ తొమ్మిది రోజులూ నాకు ఇప్పటికీ రోజురోజుగా గుర్తున్నాయి. ఊరంతా వాన రావాలని మొక్కుతోంది. నేను, చెన్ని మటుకు రాకూడదని ఆకాశం చూస్తున్నాము. ఆరు రోజులు తెల్లగా గడిచాయి. ఏడోనాటి మధ్యాహ్నం నల్లమల మీద మబ్బు లేచింది. చూస్తుండగానే మా మీదికి కమ్ముకొచ్చింది. ఉరుములు, చల్లటి గాలి, నాలుగు చినుకులు. మట్టివాసన లేచేసరికి ఆడవాళ్ళు ఏడుస్తూ కడవలు పట్టుకుని చూరుల కిందికి ఉరికారు. చెన్ని నా మణికట్టు పట్టుకుంది. దాని గోళ్ళు దిగిన గుర్తులు తరువాత చాలా రోజులు ఉన్నాయి. నేను కళ్ళు మూసుకుని, చెన్నకేశవా, వద్దు స్వామీ, ఈ ఒక్కసారికి వద్దు అని అడిగాను. అన్నం పెట్టే వానను వద్దని దేవుడిని అడిగిన పిల్ల మా తాలూకాలో నేను తప్ప ఇంకొకరు ఉండి ఉండరు.

గాలి మళ్ళింది. మబ్బు గిద్దలూరు వైపు కొండల మీదికి జరిగిపోయింది, ఎండ తిరిగి వచ్చింది. చూరుల కింద ఆడవాళ్ళు ఖాళీ కడవలతో అట్లాగే నిలబడ్డారు. నా మణికట్టు మీద పట్టు మెల్లగా వదిలింది.

"అక్కా, జేజి సరిగ్గానే పాడిందా?"

"సరిగ్గానే పాడింది."

"ఆ మాటతో కూడానా?"

"ఆ మాటతో కూడానే. ఇంటింటికీ. నువ్వు విన్లేదా?"

అది మబ్బు పోయిన వైపు చూసింది. "మరి ఎందుకు రాలేదు?"

"ఏమో" అన్నాను. నాకు నిజంగా తెలియదు.

మిగిలిన రెండు రోజులు కూడా చినుకు లేదు. పదోనాటి పొద్దున చెన్ని మబ్బు సంగతి అడగలేదు. జేజి, అమ్మ, నేను చూస్తూ ఉండగా కొత్తగా తెచ్చిన కడవ దగ్గరికి పోయి, చెంబు ముంచి, నిలబడి మొత్తం తాగింది. ఇంకోసారి ముంచి మళ్ళీ తాగింది. జేజి మెల్లగా, "అంతా తాగబాకే, నాకూ గుక్కెడు ఉంచు" అంది. చెన్ని నవ్వింది. నవ్వు కాదు, నవ్వు ఎట్లా ఉంటుందో గుర్తు తెచ్చుకున్నట్టుగా. బండి కట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రంగమ్మ పెద్దమ్మ తనకు మిగిలిన ఒక్క కడవలో నుంచి దానికి తల స్నానం చేయించింది.

అన్నీ ఆ చెంబుతో పోయాయని చెప్పను. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఉరిమితే చెన్ని మిద్దె ఎక్కేది. ఆ ఏడు వాన రాని నష్టం కూడా చిన్నది కాదు. చిన్నాయన తోలుకుపోయిన గొర్రెల్లో సగం తిరిగి రాలేదు. ఉన్ని లేక ఆ చలికాలమంతా జేజి కదురు గూట్లోనే ఉంది. ఒట్టి చేతులు ఒడిలో పెట్టుకుని ఆమె కూర్చోవడం నేను అప్పుడే చూశాను. నేను వద్దని మొక్కిన సంగతి దాచలేక ఒకనాడు ఆమెకు చెప్పాను. "నువ్వేం మొక్కినావు జేజీ, రావాలనా, వద్దనా?" అని అడిగాను.

"దీపం పెట్టినా, దండం పెట్టినా. ఏమీ అడగలేదు. ఏది అడిగినా ఒకరి ఉసురు తగులుతాదని నోరు మూసుకున్నా" అంది.

నేను ఇదంతా చెప్పేసరికి కందిపప్పు చేటలో అట్లాగే ఉంది. లావణ్య ఆ బోరింగు బొమ్మను చేతిలోకి తీసుకుంది. "మరి ఈ పిల్లకు ఏం చెప్పమంటావు అవ్వా?" అంది.

"చెప్పేది ఏముందే. తుఫానుకు చెడిన ఆ బోరింగు బాగైనాక ఆ పిల్ల పక్కన నిలబడి నువ్వు కూడా కొట్టు. అది ఆపుదామన్నా నువ్వు ఆపబాక."

అది బొమ్మలన్నీ సర్దుకుని మరునాటి బస్సుకు పోయింది. మొన్న ఆదివారం పొద్దున నేను దీపం వత్తి సరిచేస్తుంటే ఫోను వచ్చింది.

"అవ్వా, కొట్టినాము. ఇద్దరం చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టినాము. బిందె నిండి పొర్లినా ఆపలేదు."

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. కాళ్ళు తడిచినాయి, అంతే."

ఫోను పెట్టేసి దీపం ముట్టించాను. దండం పెట్టుకున్నాను. నేనూ ఏమీ అడగలేదు.